మూడో పాదం తర్వాత

ఆగస్టు 19, 1997

నలభై ఏడేళ్ళ కిందట మా ఇంట్లో ఒక మాట తప్పారు. ఆ మాట ఇచ్చింది మా నాన్న. తప్పింది మా అన్న. ఎవరి ప్రాణం కోసం ఇచ్చారో వాణ్ణి నేను. నేను దేవుణ్ణి నమ్మను, నక్షత్రం వెంట ఒంటెలెక్కి పసి యేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల్నీ నమ్మను. అయినా మాట మాటే. నమ్మనివాడికి కూడా మాట తప్పితే కోపం వస్తుంది. నమ్మినవాడు తప్పితే మరీ వస్తుంది.

ఇవాళే ఇదంతా ఎందుకు కెలుక్కున్నానంటే, కొండ మీది కాలేజీకి వెళ్ళాను. అరవై ఐదు దాటినవాళ్ళు పరీక్ష గొడవ లేకుండా క్లాసులో కూర్చుని వినవచ్చునట. ‘లాతినో సంగీతం’ అని, మాలాగా స్పానిష్ మాట్లాడేవాళ్ళ పాటల మీద, ఒక కోర్సు పెట్టారు. చెప్పేది ఇరిసారి అనే ప్రొఫెసరు. ముప్పై ఆరేళ్ళుంటాయి, జుట్టు పిలక వేశాడు, ఉత్తరాన న్యూయార్క్ వైపు నుంచి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. పంచిపెట్టిన మొదటి కాగితంలోనే నాలుగు తప్పులున్నాయి. ఇరవై ఏడేళ్ళు న్యూయార్క్‌లో పత్రికకు ప్రూఫులు దిద్దినవాడి చేతికి అలాంటి కాగితం ఇవ్వకూడదు. దిద్ది తిరిగి ఇచ్చాను. నవ్వాడు. వాళ్ళు ఇప్పుడు దేనికైనా నవ్వుతారు.

హాజరు పిలిచేటప్పుడు ‘ఒతేరో’ అనగానే ఇద్దరం పలికాం. రెండో గొంతు ఒక అమ్మాయిది. క్లాసు అయ్యాక అందరి ముందూ నా దగ్గరికి వచ్చి, “దీవించండి, చిన్నతాతా” అంది.

మా దీవిలో చిన్నవాళ్ళు దీవెన అడిగితే పెద్దవాళ్ళు ‘దేవుడు చల్లగా చూడాలి’ అనకపోవడం చెంప మీద కొట్టినట్టే. నేను సంచి గుండీ పెట్టుకుంటూ నిలబడ్డాను. పెట్టేశాక వచ్చేశాను. పేరు నషాలీ. మా అన్న కొడుకు కూతురు. నోరు అచ్చం మా అమ్మది.

ఆగస్టు 21

మళ్ళీ అడిగింది. నేను మళ్ళీ పలకలేదు. ఇక అడగదు.

ఆగస్టు 26

అడిగింది.

సెప్టెంబరు 9

ఇవాళ ఇరిసారి గంటన్నర సేపు ‘లాతినో’ అంటే ఎవరో వివరించాడు. బోర్డు మీద గీతలు, వృత్తాలు. విని విని చెయ్యెత్తాను. నాయనా, నేను ఈ కొండల్లో ఇరవై ఐదేళ్ళు బతికాను, ఇక్కడెవడూ నన్ను ఆ పేరుతో పిలవలేదు, న్యూయార్క్‌లో మంచులో ఓడ దిగిన రోజున అక్కడి గుమాస్తా ఏదో గడిలో టిక్కు పెట్టాడు, ఆ రోజు నుంచి అయ్యాను, రికార్డుల దుకాణంలో ఒక అరకి పెట్టిన పేరది, మనిషిది కాదు అన్నాను. ఇంకా చాలా అన్నాను. అక్కడ బ్రాంక్స్ వాడలో మా మేడమెట్ల మీద ఆదివారాలు డ్రమ్ములు కొట్టినవాళ్ళ పేర్లు పదకొండు చెప్పాను. ఆయన పుస్తకంలో వాళ్ళలో ఒక్కడూ లేడు.

వెనక బెంచీలో కెర్మిట్ అనే కుర్రవాడున్నాడు. మెడలో గిటారు దించడు. “ప్రొఫెసర్, జీతం తాతగారికిచ్చెయ్యండి, మేం బీచికి పోతాం” అన్నాడు. అందరూ నవ్వారు. ఇరిసారి కూడా నవ్వి, నన్ను చూపించి, దోన్ ఎరాస్మో మనకు దొరికిన సజీవ ఆధారం అన్నాడు.

“ఆధారం ఈ కుర్చీ. నేను మనిషిని” అన్నాను.

అది రాసుకున్నాడు. దాన్ని కూడా రాసుకున్నాడు!

సెప్టెంబరు 25

సెమిస్టరు చివరికి ఒక్కొక్కళ్ళూ తమ ఇంటి పాట ఒకటి తేవాలి. ఎవరు ఎవరికి నేర్పారో కార్డు మీద రాయాలి. అది లేకపోతే కోర్సు తప్పినట్టే.

మెట్ల మీద నషాలీ నన్ను ఆపింది. దీవెన అడిగి, ఒక క్షణం ఆగి, రాని దీవెన వచ్చినట్టే తల వంచి, అసలు సంగతి మొదలుపెట్టింది. పూర్వం మా ఇంట్లో, జనవరి ఆరున వచ్చే రాజుల పండగకి ముందు రోజు పాడే పాట ఒకటుండేదని వాళ్ళ నాన్న చెప్పాడట. దాని మాటలు ఇప్పుడు నాకు తప్ప ఎవరికీ రావట. వాళ్ళ తాతని అడుగుదామంటే జూలైలో స్నానాలగదిలో పడిపోయాడు. కుడి పక్క పోయింది, మాట పోయింది. క్రిస్మస్ దాటడం కష్టమన్నాడట డాక్టరు.

“పాట సంగతి తర్వాత, చిన్నతాతా. మీరొక్కసారి వచ్చి ఆయన పక్కన కూర్చోండి. వంతెన దాటితే మా ఇల్లే.”

“పాటని మీ తాత ఏట్లో పారేశాడు. పోయి అక్కడ వెతుక్కో” అన్నాను.

మెట్లు దిగుతుంటే మోకాలు కలుక్కుమంది. పిల్లకి తెలియకుండా దిగాను.

సెప్టెంబరు 26

నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో రాసి పారేస్తే పడుతుంది.

1928. పెద్ద తుఫాను వచ్చిన ఏడు. బావులన్నీ చెడిపోయి ఊరంతా టైఫాయిడ్. నాకు ఐదేళ్ళు. అప్పటికే మా వాడలో నా ఈడు పిల్లలు ముగ్గురు పోయారు. మరుసటి జనవరి ఐదో తారీకున మా నాన్న, తన మేనమామ చెక్కిన ముగ్గురు రాజుల కొయ్యబొమ్మల్ని బల్ల మీద పెట్టి, తాటాకు కమానులు మూడు కట్టి, మొక్కుకున్నాడు: ఈ పిల్లాడు బతికితే, వీడు బతికినన్నాళ్ళూ, ఏటేటా ఇదే రోజున ఈ ఇంట్లో పాట ఆగదు. అప్పటికప్పుడు పది పాదాల పాట ఒకటి కట్టాడు. పక్క ఇళ్ళవాళ్ళు పదితీగల క్వాత్రో పట్టుకుని వచ్చారు. మా అన్న పదకొండేళ్ళవాడు, సొరబుర్ర గీకుతూ తాళం వేశాడు. నేను తెర వెనక పడుకుని ఉన్నాను. బతికాను.

మొక్కుకున్నవాడు పోతే ఆ మొక్కు ఇంటి పెద్దకొడుకుది. ఇది మా దగ్గర అందరికీ తెలిసిందే. నాన్న 1949లో పోయాడు. నేను న్యూయార్క్‌లో ఉన్నాను. మరుసటి జనవరిలో మా అమ్మ ఉత్తరం వచ్చింది. మీ అన్న పాత గుడి వదిలి పాస్టర్ల కొత్త మతంలో కలిశాడు, బొమ్మల్ని పూజించడం పాపమని ముగ్గురు రాజుల్నీ గోనెసంచిలో వేసి ఏట్లో పడేశాడు, ఈ ఏడు మన ఇంట్లో పాట లేదు, నీ ప్రాణం జాగ్రత్త నాయనా అని. ఆ ఉత్తరం నాకు కంఠతా వచ్చు.

పుగాకు కొట్టంలో ఈనెలు తీస్తూ చదువు మానుకున్నవాడు వాడు. నేను చదువుకోవడానికే మానుకున్నాడు, కాదనను. రాత్రి దీపం దగ్గర వాడికి అక్షరాలు దిద్దబెట్టింది నేను. నేను నేర్పిన అక్షరాలతో వాడు ఆ మతం పుస్తకం చదివి నా ప్రాణాన్ని గోనెసంచిలో కట్టాడు.

1975లో తిరిగి వచ్చాను. ఇరవై రెండేళ్ళుగా ఏటికి ఈ పక్క నేను, ఆ పక్క వాడు. బజారులో రెండుసార్లు ఎదురయ్యాడు. రెండోసారి నోరు తెరిచాడు. నేను రోడ్డు దాటాను.

ఎవరైనా దాటుతారు.

అక్టోబరు 7

క్లాసు. అల్లరి మేళాల చరిత్ర. ఇరిసారి చెప్పిన తారీకు ఏడేళ్ళు తప్పు.

అక్టోబరు 14

క్లాసు. నషాలీ రాలేదు. తాతకి జ్వరమట, కెర్మిట్ ఎవరితోనో చెబుతున్నాడు. నేను అడగలేదు. వినబడింది.

అక్టోబరు 16

వచ్చింది. దీవెన అడిగింది.

అక్టోబరు 30

తలుపు తీస్తే నషాలీ. చేతిలో కందులు వేసి వండిన అన్నం గిన్నె, మూత మీద అరిటాకు. వాళ్ళమ్మ పంపిందట. లోపలికి రమ్మనలేదు. తనే వచ్చింది. గోడ నిండా ఉన్న పుస్తకాలు చూసి, ఇవన్నీ చదివారా అని అడిగింది. వెధవ ప్రశ్న. చాలామంది అడుగుతారు. చదివాననీ, వాటిలో సగం రాసినవాళ్ళు కొట్లో అప్పడాలమ్ముకోవాల్సినవాళ్ళనీ చెప్పాను. నవ్వింది. మా అమ్మ నవ్వు.

పాట మాటలు చెప్పమని మళ్ళీ అడిగింది. లేదంటే ఏ పాటా తేలేదని కోర్సు పోతుందట. నీ గుడిలో పాటలు బోలెడున్నాయిగా, చప్పట్లు కొట్టుకుంటూ పాడేవి, అవే తీసుకుపో అన్నాను. తీసుకుపోతాను, తాత పాడింది ఒకటి కేసెట్టు మీద ఉంది, కాని మీ పాట తెస్తే తాత సంతోషిస్తాడు అంది. సంతోషిస్తాడట! నాకు ఒళ్ళు మండింది.

“మీ తాత నా ప్రాణం తీసుకెళ్ళి నీళ్ళలో పారేశాడే అమ్మాయీ.”

“మీరు బతికే ఉన్నారు కదా, చిన్నతాతా.”

అంది, అని తనే భయపడింది. గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. అన్నం బాగుంది. ఉప్పు తక్కువ.

నవంబరు 18

పాటలు వినిపించే రోజు. కెర్మిట్ వాళ్ళ నాయనమ్మ పాట గిటారు మీద వాయించాడు, బాగానే ఉంది, ఆ నాయనమ్మ బతికుంటే గిటారు లాక్కుని ఉండేది. తర్వాత నషాలీ లేచింది. ఇది మా ఇంటి పాట కాదు, మా గుడిలో మా తాత పాడే కీర్తన, ఐదేళ్ళ కిందట మా నాన్న రికార్డు చేశాడు అని చెప్పి మీట నొక్కింది.

క్వాత్రో లేదు. గీకుడు లేదు. ఒక్క ముసలి గొంతు. యేసు, రక్తం, పాపం, వాళ్ళ మామూలు సరుకు. మొదటి పాదం. రెండో పాదం. మూడో పాదం.

ఆగింది.

కేసెట్టు ఆగిపోయిందనుకున్నాడు కెర్మిట్. చెయ్యి చాచాడు. నషాలీ వద్దని తలూపింది. గాలి చప్పుడు. గుడిలో ఎవరిదో కుర్చీ కిర్రుమంది. తర్వాత నాలుగో పాదం.

ఇరిసారి మహా సంతోషపడిపోయాడు. ఈ విరామం చూశారా, ఇది ఆఫ్రికా నుంచి వచ్చిన తాళంలో జాడ కావచ్చు, లేదా అరబ్బుల ద్వారా స్పెయిన్ దక్షిణాది నుంచి కావచ్చు అని బోర్డు మీద బాణం గీశాడు. నేను లేచాను. కుర్చీ పడింది. నోరు మూసుకో అన్నాను. డెబ్బై నాలుగేళ్ళవాడు ప్రొఫెసరుతో అనవలసిన మాట కాదు. అన్నాను.

ఈ పాట ఎప్పుడు పాడతాడు అని అడిగాను నషాలీని.

“ఏటా జనవరి ఐదున. ఇంకే రోజూ పాడడు, కాళ్ళు పట్టుకున్నా పాడడు. ఒక పాస్టరు వద్దన్నాడట, అది రాజుల పండగ ముందురోజు, మనకి లేదు అని. ఆ ఏడు తాత బయట వానలో నిలబడి పాడేసి, తడిబట్టల్తో లోపలికొచ్చి కూర్చున్నాడట.”

“మూడో పాదం తర్వాత ఎందుకు ఆగుతాడు?”

“అక్కడ ఆగి వినాలంటాడు.”

“ఏం వినాలి?”

“అది చెప్పడు. దేవుడి మాట కాబోలు అనుకుంటాం మేం. గుడంతా ఆగుతాం.”

నేను సంచీ కూడా తీసుకోకుండా వచ్చేశాను.

నవంబరు 19

ఆఫ్రికా కాదు. స్పెయిన్ కాదు. ఒరేయ్ ఇరిసారీ, ఆ రాత్రి మా నాన్న పాడుతూ పాడుతూ మూడో పాదం దగ్గర ఆపేశాడు. తెర వెనక నేను ఊపిరి తీస్తున్నానో లేదో వినడానికి. క్వాత్రోవాళ్ళు చేతులు తీగల మీద పెట్టి ఆపారు. విన్నాడు. ఊపిరి ఉంది. నాలుగో పాదం ఎత్తుకున్నాడు. మరుసటి ఏడూ అక్కడ ఆగారు, ఆ పై ఏడూ ఆగారు, నేను పళ్ళెంలో కొబ్బరి మిఠాయి పెట్టుకుని అందరి మధ్యా కూర్చుని ఉన్నా ఆగారు. అది పాటలో భాగమైపోయింది. ఆ సంగతి తెలిసినవాళ్ళు బతికున్నది ఇద్దరమే.

ఆ రెండోవాడు మాటలు మార్చాడు. బొమ్మలు పారేశాడు. ఊపిరి వినడం మాత్రం మానలేదు. నలభై ఏడేళ్ళు. నేను బ్రాంక్స్‌లో గది వేడిచేసే ఆవిరి గొట్టం పక్కన పడుకుని వాణ్ణి తిట్టుకుంటున్న ప్రతి జనవరిలోనూ.

అమ్మ ఉత్తరం తీసి చూశాను. మన ఇంట్లో పాట లేదు అని రాసింది. నిజమే, ఇంట్లో లేదు. ఎక్కడుందో రాయలేదు. గుడి మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. ఆమెకి వినబడి ఉండాలి. వినబడి రాయలేదు.

లేదా మరుసటి ఉత్తరాల్లో రాసిందేమో. వాటిలో వాడి పేరు కనబడగానే నేను చదవడం ఆపేసేవాణ్ణి. పెద్దకొడుకు ఊసు ఎత్తితే ఉత్తరాలు వెనక్కి పంపుతానని నేనే రాశాను. రెండు పంపాను కూడా.

నవంబరు 21

వెళ్ళాలి. వెళ్ళి అడగాలి. మాట లేకపోతే ఏం, చెవులున్నాయిగా. ముందు తిట్టి తర్వాత అడుగుతాను.

నవంబరు 22

వాన.

నవంబరు 24

మోకాలు.

నవంబరు 25

క్లాసుకి పోలేదు. ఇరిసారికి క్షమాపణ చెప్పాల్సి వస్తుంది.

నవంబరు 27

సెలవు రోజు. వాళ్ళింట్లో చుట్టాలుంటారు. చుట్టాల ముందు తిట్టడం మర్యాద కాదు.

డిసెంబరు 1

వంతెన దాకా వెళ్ళాను. కొత్త బూటు కరిచింది.

డిసెంబరు 2

క్లాసుకి వెళ్ళాను. ఇరిసారి నా సంచీ జాగ్రత్తగా దాచి ఉంచాడు, తిట్టినందుకు ఒక్క మాట అనలేదు. ఇలాంటివాళ్ళంటే నాకు చిరాకు. నషాలీ దీవెన అడిగి, తాత ఇప్పుడు కళ్ళు ఎక్కువసేపు తెరవడం లేదని చెప్పింది. గురువారం వస్తానన్నాను. నిజంగానే అన్నాను.

డిసెంబరు 4

గురువారం. మధ్యాహ్నం బస్సు తప్పింది. రేపు.

డిసెంబరు 5

పొద్దున పక్కింటి దోన్యా బ్రీహిదా తలుపు దబదబా బాదింది. తీసి చూస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. రేడియోలో పోయినవాళ్ళ పేర్లు చదువుతుంటే ‘ఒతేరో’ అని వినబడి నేననుకుందట.

“మీరు కాదన్నమాట” అంది.

కాదు అన్నాను.

డిసెంబరు 6

జన్మలో మొదటిసారి వాళ్ళ గుడి గడప తొక్కాను. రేకుల కప్పు, ప్లాస్టిక్ కుర్చీలు, బొమ్మ అనేది ఒక్కటి లేదు. శవపెట్టె తెరిచే ఉంది. చూశాను. ఎవరో ముసలాయన. టై కట్టారు, అది మాత్రం వంకరగా ఉంది. సరిచేశాను.

పాస్టరు కుర్రవాడు. తమ్ముడుగారు రెండు మాటలు చెబుతారు అని మైకు నా చేతికిచ్చాడు. న్యూయార్క్‌లో కార్మిక సంఘాల్లో గంటలకొద్దీ మాట్లాడినవాణ్ణి. మైకు పట్టుకుని నిలబడ్డాను.

“ఈ మనిషి నాకు చెప్పలేదు” అన్నాను. కూర్చున్నాను. ఏం చెప్పలేదో ఎవరికీ అర్థం కాలేదు. ‘ఆమెన్’ అన్నారు వెనక ఎవరో. దేనికైనా అంటారు.

నషాలీ పాస్టరు దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు, తర్వాత నిలువుగా ఊపాడు. జనవరి ఐదు కాకపోయినా ఆ పాట పాడారు. రెండు వందలమంది, చప్పట్లు లేకుండా. మొదటి పాదం, రెండోది, మూడోది. ఆగారు. గుడంతా ఆగింది. పెట్టెలో ఉన్నవాడు వినడం లేదు, ఆ సంగతి నాకు తెలుసు, నేనేం మూర్ఖుణ్ణి కాను. అయినా దగ్గాను. కావాలని కాదు. రేకుల కప్పు కింద అది ఎంత గట్టిగా వినబడిందంటే ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు.

అప్పుడు వాళ్ళు నాలుగో పాదం ఎత్తుకున్నారు.

డిసెంబరు 9

నషాలీ వచ్చింది. కార్డు నింపాలట, రేపే ఆఖరు తేదీ. పాత మాటలు పదిపాదాలూ చెప్పాను. రాసుకుంది. రెండు తప్పులు రాస్తే దిద్దాను. ఎవరి దగ్గర నుంచి ఎవరికి అన్న గడిలో మా నాన్న పేరు రాయించాను. ఆగే చోట ఏం రాయాలి అని అడిగింది. చెప్పాను. జరిగింది జరిగినట్టు, తుఫాను దగ్గర నుంచీ. పెన్ను కింద పెట్టేసి విన్నది. ఏడుస్తుందేమోనని విసుక్కున్నాను. ఏడవలేదు.

“అంటే అన్నేళ్ళూ మేం ఆగి విన్నది మిమ్మల్నా?” అంది.

అవును, దేవుణ్ణి కాదు, నన్ను అన్నాను. దానికి ఆమె నన్ను అలా చూడాల్సిన పని లేదు.

వెళ్ళేటప్పుడు దీవెన అడగలేదు. మొదటిసారి. మరిచిపోయిందో, మానేసిందో. నేను గుమ్మం దాకా వెళ్ళాను, అడుగుతుందేమోనని.

డిసెంబరు 10

రోజంతా ఇదే పని. ఎవరిది తప్పు అని.

అమ్మ సగమే రాసింది. కాని అమ్మ పోయి ముప్పై ఆరేళ్ళయింది, ఆమెతో పోట్లాడితే ఓడిపోతాను, బతికున్నప్పుడూ అంతే. ఆ పాస్టర్లు ఊరికొకడు, పేర్లు కూడా తెలియవు. ఇరిసారి పాపం బాణాలు గీసుకునేవాడు. ఇక నేను. ఇరవై రెండేళ్ళు రెండు మైళ్ళ దూరంలో కూర్చుని ఒక వంతెన దాటనివాణ్ణి, బజారులో వాడు నోరు తెరిస్తే రోడ్డు దాటినవాణ్ణి. ఈ వాక్యం కొట్టేద్దామని రెండుసార్లు పెన్ను పెట్టాను. ఉండనీ. ప్రూఫుల్లో నిజమైన వాక్యాన్ని కొట్టేయడం నాకు అలవాటు లేదు.

కాని ఒక్క కాగితం ముక్క. ఒక్కటి. చెయ్యి ఉంది, అక్షరాలు వచ్చు, దగ్గర కూర్చుని నేర్పాను. తలుపు కింద తోసిపోయినా చాలు: ఇంకా పాడుతున్నాను, ఇంకా వింటున్నాను అని. నేను చించేసేవాణ్ణేమో. చించేముందు చదివేవాణ్ణి కదా. రెండోసారి బజారులో తెరిచిన నోరు ఎందుకు మూశాడు? నేను రోడ్డు దాటితే తనూ దాటకూడదా? నాకన్నా ఆరేళ్ళు పెద్దవాడు. పెద్దవాడే దాటాలి. ఎవరైనా ఇదే చెబుతారు.

ఇన్నాళ్ళ తర్వాత, ఇంత తెలిశాక కూడా, నేను తప్పు పట్టేది ఒక్కణ్ణే. క్షమించను. వచ్చే జనవరి ఐదున నేను ఊపిరి తీస్తున్నానో లేదో ఆగి వినే బాధ్యత ఎవరికీ అప్పజెప్పకుండా పోయాడు. సెఫెరినో. సెఫెరినో ఒతేరో అయాలా. మా అన్న.